డాక్టరు అడుగుల తడి

రండి, రండి, ఇంకొంచెం ముందుకు జరగండి. ఆ వెనక స్తంభానికి ఆనుకున్నవాళ్ళు కూడా రండి. ఈ వాన చప్పుడులో నా గొంతు అక్కడిదాకా రాదు. పిల్లల్ని ఒళ్ళో కూచోబెట్టుకోండి. కర్రపెండలం కల్లు ముంత ఎవరి దగ్గరుందో వాళ్ళు ఒక గుక్క తాగి పక్కవాళ్ళకివ్వండి, చేతిలో దాచుకుని కూచోకండి. ప్రార్థన అయిపోయింది, వాన మాత్రం కాలేదు. ప్రభువు దయ ఉంటే అది వెలిసేలోపు మీకు ఔరెలియో డాక్టరు సంగతి చెప్పేస్తాను. పెద్దవాళ్ళకి తెలుసు. తెలిసినా వినండి. తెలిసిన సంగతే మనం ముందు మర్చిపోతాం.

మన శాన్ ఎలోయ్‌కి వచ్చేనాటికి ఆయనకి ఇరవయ్యారేళ్ళు. పుట్టి పెరిగింది దక్షిణాన, అగ్నిపర్వతం నీడలో, ఏడాదికి నాలుగు చినుకులు పడితే పండగ చేసుకునే ఊళ్ళో. చదువు ముగించిన ప్రతి డాక్టరూ ఒక ఏడాది అడవిలోనో కొండల్లోనో పని చేసి, ఆ కాగితం చూపిస్తేనే పై చదువుకి సీటిస్తారు కదా. ఆ కాగితమే ఆయన్ని పడవెక్కించి, మూడు రోజులు మురుయా నది మీద తిప్పి, మన రేవులో దించింది. తోలు బూట్లు, రెండు పెట్టెల పుస్తకాలు, దోమలు కుట్టీ కుట్టీ చింతపండు ముద్దలా అయిన మొహం. అలా దిగాడు.

రోజులన్నీ ఒకేలా ఉండేవి. ఏడింటికి ఆస్పత్రి తలుపు తీసేసరికి మెట్ల మీద పదిమంది కూచుని ఉండేవాళ్ళు. జ్వరాలు, కడుపులో పురుగులు, రంపపు మిల్లులో తెగిన వేళ్ళు, నెలలు నిండిన తల్లులు. లోపల నిల్దా అమ్మ పసిపిల్లల్ని గుడ్డ ఉయ్యాల్లో వేసి తూకం కొక్కేనికి తగిలిస్తూ ఉండేది. నిల్దా అమ్మ డాక్టరు కాదు, నర్సు కూడా కాదు. టెక్నీషియన్ అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆస్పత్రి ఆమె మీదే నడిచింది. డాక్టర్లు ఏడాదికొకరు వస్తారు, పోతారు. ఆమె మాత్రం టీకాలూ పాము విరుగుడు మందులూ ఉంచే ఫ్రిజ్ పక్కనే చాప వేసుకుని పడుకునేది.

మన ఊళ్ళో ప్రతి గుమ్మం పక్కనా రంపపు పొట్టు డబ్బా ఎందుకుంటుందో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఈ బుడతల కోసం చెబుతున్నాను. ఎవరైనా ఒక తప్పు చేసి కడుపులో దాచుకుంటే వాళ్ళ పాదాలు తడుస్తాయి. ఎండాకాలమైనా సరే, బూట్లు వేసుకున్నా సరే, నడిచినచోటల్లా నీళ్ళ అడుగులు పడతాయి. అలాంటి మనిషి ఇంటికొస్తే మనం గుప్పెడు పొట్టు చల్లుతాం, పీట వేస్తాం, ఉన్నది పెడతాం. ఏం దాచావని అడగం. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. చెప్పుకున్న పూట ఆరిపోతుంది. నాకూ ఒకసారి మూడు వారాలు తడిశాయి. ఆ సంగతి ఇవాళ వద్దు.

ఔరెలియో డాక్టరు వచ్చిన మొదటి వారమే ఆస్పత్రి గుమ్మం దగ్గర డబ్బా చూసి, "ఆస్పత్రిలో ఈ దుమ్మేమిటి? తీసి పారెయ్యండి" అన్నాడు. నిల్దా అమ్మ మారుమాట లేకుండా తీసి మిల్లు వాళ్ళకి ఇచ్చేసింది. డాక్టరు చెప్పాడు కదా మరి.

అలా తొమ్మిది నెలలు గడిచాయి. వరద తీస్తున్న రోజుల్లో, ఒక సోమవారం మిట్టమధ్యాహ్నం, ఎగువన దుంగలు నరికే ఎవారిస్తోని పడవలో పడుకోబెట్టుకుని వాళ్ళావిడ ఒతీలియా వచ్చింది. నాలుగు గంటలు ఒక్కతే తెడ్డు వేసింది. కుడి పిక్క మీద పాము కాటు. మన అలవాటు ప్రకారం కొట్టి చంపిన పాముని పిండి సంచీలో కట్టి తెచ్చింది. పడవలో ఇంకెక్కడా చోటు లేక, ఆ సంచీ మోకాళ్ళ మధ్య పెట్టుకునే తెడ్డు వేసిందట.

పాము అంటే ఇక్కడ రెండు. ఒకటి హెర్గోన్, పది కాట్లలో తొమ్మిది దానివే. రెండోది షుషూపే, అది కరిస్తే కథ వేరు. దీని మందు దానికి పని చెయ్యదు. ఫ్రిజ్‌లో రెండు మందులూ పక్కపక్కనే ఉన్నాయి. ఏది ఎక్కించాలో తేల్చుకోవడానికే సంచీ తెచ్చేది.

"డాక్టరు బాబూ, సంచీ విప్పి చూసేద్దాం" అంది నిల్దా అమ్మ.

సరిగ్గా అప్పుడే సంచీ కదిలింది. చచ్చిన పాము ఒళ్ళు పూటంతా కదులుతుందని మనకి తెలుసు. ఔరెలియోకి తెలియదు. ఆయన వెనక్కి నడిచీ నడిచీ వీపు గోడకి తగిలేదాకా నడిచాడు. చిన్నప్పటి నుంచీ ఆయనకి పాము బొమ్మ ఉన్న పేజీ తిప్పాలన్నా భయమే. ఆ పేజీలు అతికించేసి పుస్తకం చదువుకున్నవాడు.

"అక్కర్లేదు. గాయం చూస్తేనే తెలుస్తోంది, హెర్గోన్. అది బయట పెట్టండి."

"విప్పడం ఒక్క నిమిషం బాబూ. నేనే విప్పుతాను, మీరు దూరం నుంచి చూద్దురు గాని."

"ఇక్కడ డాక్టరు ఎవరు? నువ్వా, నేనా?"

అప్పటిదాకా ఆమెని మీరు అనే అనేవాడు. ఆ 'నువ్వు' నోట్లోంచి ఊడిపడ్డాక ఆయన చెవులే ఎర్రబడ్డాయి. నిల్దా అమ్మ సంచీ తీసుకెళ్ళి అరుగు మీద పెట్టింది. హెర్గోన్ మందు ఎక్కించారు.

మూడు గంటలు గడిచాయి. ఎవారిస్తోకి వాంతులు, విరేచనాలు. ఒళ్ళంతా చల్లటి చెమట. నాడి నలభైకి పడిపోయింది. నిల్దా అమ్మ నాడి పట్టుకున్న చెయ్యి వదిలి, ఎవర్నీ అడగకుండా అరుగు మీదికెళ్ళి సంచీ ముడి విప్పింది. పిడికిలంత తల, అనాసపండు తొక్కలాంటి ఒళ్ళు. షుషూపే. తిరిగొచ్చి రెండో మందు తీసి, ఆమే ఎక్కించింది. డాక్టరు కిటికీ దగ్గర నిలబడి నది వైపు చూస్తూ ఉండిపోయాడు.

మనిషి బతికాడు. కాలు బతకలేదు. మోటారు పడవలో పట్నం తీసుకెళ్తే మోకాలి కింద తీసేశారు.

కాటు పడ్డ మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి రోజులాగే రేడియో పిలిచింది. నది పొడుగునా ఉన్న ఆస్పత్రులన్నీ ఆ వేళకి పట్నంలోని పెద్దాఫీసుతో మాట్లాడతాయి కదా. నిల్దా అమ్మ రేవులో రోగి దుప్పట్లు ఉతుకుతోంది. వెనక గదిలో ఔరెలియో ఒక్కడే.

మొదటి మందు పని చెయ్యక రెండోది ఎక్కించామని ఈయన చెప్పగానే, "శాన్ ఎలోయ్, మొదటి మందు ఎందుకు పని చెయ్యలేదు?" అంది రేడియోలో గొంతు. నోట్లో ఏదో నములుతూ అడిగినట్టుంది. ఈయన జవాబు వెతుక్కుంటున్నాడు. అవతలి మనిషే అందించాడు. "ఏం డాక్టర్, మళ్ళీ ఫ్రిజ్ ఆగిందా? మందు పాడైందా?"

"అయ్యుండొచ్చు."

"ఫ్రిజ్ ఎవరి పని?"

"టెక్నీషియన్‌ది."

"సరే. రాసుకున్నాను."

చూశారా, అబద్ధం కూడా పూర్తిగా చెప్పలేదు మనిషి. ఒక్క 'అయ్యుండొచ్చు'. సైతానుకి అంతకన్నా పెద్ద తలుపు అక్కర్లేదు.

గదిలోంచి బయటికి వచ్చాడు. మెట్ల మీద బిడ్డనెత్తుకుని కూచున్న ఒకావిడ నేల వంక చూసింది. చూసి, అలవాటుగా పక్కకి చెయ్యి చాపింది పొట్టు కోసం. డబ్బా లేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, బిడ్డ నోరు తుడిచి, "నమస్కారం డాక్టరు బాబూ" అంది. రేవు నుంచి నిల్దా అమ్మ తడి దుప్పట్లు భుజాన వేసుకుని వచ్చింది. వెనక గది నుంచి మెట్ల దాకా వరసగా పడ్డ అడుగులు చూసింది. దుప్పట్లు తీగ మీద ఆరేసి, గుడ్డ తెచ్చి, ఒక్కో అడుగూ తుడిచింది.

ఔరెలియో మొదట చెమట అనుకున్నాడు. పౌడరు వేసుకున్నాడు. బూట్లు మార్చాడు. పెద్ద పుస్తకం తీసి ఏదో జబ్బు పేరు కనిపెట్టి, తనకి తనే మందు రాసుకుని వారం మింగాడు. తడి పెరిగింది. ఎవరింటికి పురుడు పొయ్యడానికి వెళ్ళినా, ఆయన గుమ్మం దాటకముందే ఇంటివాళ్ళు పొట్టు చల్లేవాళ్ళు. ఆయన కూచుంటే పాదాల కింద సొరకాయ డొప్ప పెట్టేవాళ్ళు. ఒకసారి చిల్లర కొట్టువాళ్ళ ఇంట్లో ఆ డొప్పలోకి వేలెడు చేపపిల్ల కూడా వచ్చింది. పిల్లలు మురిసిపోయి సీసాలో వేసుకున్నారు.

"నిల్దా గారూ, కప్పు కారుతోందా?" అని అడిగాడు ఒక రోజు.

"లేదు బాబూ. కప్పు బాగానే ఉంది" అంది ఆమె, తుడుస్తూనే.

రెండు నెలలకి ఎవారిస్తో చంకలో కర్రతో తిరిగొచ్చాడు. భార్యాభర్తలిద్దరూ ఆస్పత్రికి వచ్చారు. ఆకులో చుట్టిన పొగచేప, ఒక గెల అరటికాయలు. ఎవారిస్తో డాక్టరు చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"మీరు లేకపోతే ఇవాళ నా పేరు మీద కొవ్వొత్తి వెలిగించేవాళ్ళు బాబూ."

ఔరెలియోకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి వెనక్కి లాక్కోవాలనుకున్నాడు, చాతకాలేదు. పాదాల కింద మడుగు కట్టింది. ఎవారిస్తో దాన్ని చూసి కర్ర కొంచెం పక్కకి జరుపుకున్నాడు, జారకుండా.

"నాకూ ఒకసారి పట్టుకుంది లెండి ఇది" అన్నాడు, జలుబు గురించి చెప్పినంత తేలిగ్గా. "మా తమ్ముడి వల కొట్టేసినప్పుడు. పదకొండు రోజులు. పదకొండో రోజు వెళ్ళి చెప్పాను. వాడు ఒక్కటి పీకాడు, ఆరిపోయింది. ఇంక ఇప్పుడు పట్టినా నాకు సగమే!"

ఒతీలియా పగలబడి నవ్వింది. నవ్వుతూనే మొగుడి వీపు మీద ఒకటి చరిచింది. "నోరు మూసుకోవయ్యా, డాక్టరు గారి ముందు!"

అలా తెలిసింది ఆయనకి. జబ్బు కాదు. ఈ ఊళ్ళో రెండు నెలలుగా ప్రతి మనిషీ తన పాదాలు చూసి, తనలో ఏదో కుళ్ళుందని తెలిసి, కుర్చీ వేసి కూచోబెట్టి, బిడ్డని తన చేతుల్లో పెట్టారు. ఆ పూట ఆయన రోగుల్ని పంపేసి, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి వెళ్ళి, నీళ్ళు ఊరికే వదిలేస్తూ చాలాసేపు నిలబడిపోయాడు. నేల చీలి లోపలికి పోతే బాగుండుననుకున్నాడు. మన ఇళ్ళు గుంజల మీద ఉంటాయి కదా, నేల చీలినా కిందున్న కోళ్ళ మధ్య పడతాడు తప్ప ఇంకెక్కడికీ పోడు.

చెప్పెయ్యొచ్చు కదా అంటారు మీరు. చెప్పబోయాడు కూడా. తప్పు మందు ఇచ్చానని చెప్పడం అంత కష్టం కాదు, డాక్టర్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే. కానీ మూతి కట్టిన సంచీ చూసి భయపడ్డాను అని ఎలా చెబుతాడు? ఒక ఆడమనిషి నాలుగు గంటలు మోకాళ్ళ మధ్య పెట్టుకొచ్చినదాన్ని, గదిలో ఇంకో ఆడమనిషి విప్పుతానంటే కూడా, చూడలేకపోయానని? ఆ మాట దగ్గరికి వచ్చేసరికి మందుల లెక్క ఎత్తుకునేవాడు.

అప్పుడే పెద్దాఫీసు నుంచి కాగితం వచ్చింది. విరుగుడు మందు పాడుచేసినందుకు టెక్నీషియన్ నిల్దాని నెలాఖరుకి పనిలోంచి తీసేస్తున్నారు. సంగతి నది పొడుగునా ఆస్పత్రులన్నిటికీ రేడియోలో చదివి వినిపించారు, మిగతావాళ్ళు జాగ్రత్తగా ఉండటానికట. ఆమె కాగితం రెండుసార్లు చదువుకుంది. మడిచి బల్ల మీద పెట్టింది.

"ఫ్రిజ్ ఆగిందట బాబూ."

ఔరెలియో ఆ కాగితాన్ని బల్ల సొరుగులోకి తోశాడు.

"నేను దాని పక్కనే పడుకుంటాను. ఇరవై రెండేళ్ళ నుంచీ. అది ఆగితే ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువొచ్చేస్తుంది." ఆమె ఆయన మొహంలోకి చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది. జ్వరం పిల్లాడి నాలుక చూసినట్టు, ఓపిగ్గా చూసింది. ఆయన నోరు తెరిస్తే వినడానికి సిద్ధంగా కాసేపు నిలబడింది. తెరవలేదు. అప్పుడు గుడ్డ తీసుకుని ఆయన బల్ల కిందికి వంగి తుడవడం మొదలుపెట్టింది. ఆయన పాదాలు పక్కకి జరుపుకుని ఆమెకి చోటిచ్చాడు. అంతే. చోటిచ్చాడు!

ఊరికి అర్థమైపోయింది. ఆమె నడిచినచోట నేల ఎండిన రొట్టెలా ఉంటుంది, ఆయన నడిచినచోట కప్పలు గుడ్లు పెడుతున్నాయి. అర్థం కాకేం? అయినా ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. బడి మేష్టారు మాత్రం పెద్దాఫీసుకి అర్జీ రాశాడు, "నిల్దా గారి పాదాలు పొడిగా ఉన్నాయని ఇందుమూలంగా ఊరంతా సాక్ష్యమిస్తున్నాం" అని. వేలిముద్రలన్నీ పెట్టి పంపారు. పట్నంలో నేల చూసేవాళ్ళెవరు? జవాబు రాలేదు. ఎగువ ఊళ్ళ తల్లులు పడవల్లో వచ్చి, మెట్ల దగ్గరే ఆగి, "టీకా ఎవరు వేస్తారు? ఆవిడేనా?" అని గుసగుసలాడి, బిడ్డల్ని వెనక్కి తీసుకుపోవడం మొదలుపెట్టారు. రేడియోలో విన్నారు మరి. నిల్దా అమ్మ సూది చేత్తో పట్టుకుని ఆ పడవలు మలుపు తిరిగేదాకా చూసేది.

నెలాఖరు వచ్చింది. ఆ శనివారమే ఆమె పనికి ఆఖరి రోజు. ఆ శనివారమే డాక్టరు ఏడాది కూడా ముగిసింది. పొద్దున్న ఏడు గంటల పడవకి ప్రయాణం.

ఊరంతా రేవుకి వచ్చింది. ఒకరు ఆకులో కట్టిన కోడిమాంసం అన్నం తెచ్చారు. ఒకరు తాటాకు విసనకర్ర. ఆయన పురుడు పోసిన ఏడుగురు పిల్లల్ని ఏడుగురు తల్లులు వరసగా ఎత్తి చూపించారు. మేష్టారు చిన్న ప్రసంగం చేశాడు, ఎవరూ వినలేదు. నిల్దా అమ్మ రాలేదు. ఆస్పత్రిలో మందులు లెక్క చూసి అప్పగించే పనిలో ఉంది.

ఔరెలియో పడవెక్కాడు. పడవ నడిపే పొలినారియో మామ మంచి చోటు, గొడుగు కింద మెత్త వేసిన బల్ల, ఆయనకి ఉంచాడు. పద్నాలుగు మంది ప్రయాణికులు. ఎదురు బల్ల మీద ఎవారిస్తో. పట్నంలో సన్యాసినుల ఆస్పత్రిలో కొయ్యకాలు అమర్చుతారు, రమ్మని కబురొచ్చింది. నెలకొకరినే పిలుస్తారు. ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టుకి నూనె రాసుకుని, పెళ్ళికి పోతున్నవాడిలా ఉన్నాడు.

ఔరెలియో కూచోగానే పాదాల కింద నుంచి నీళ్ళు ఊరడం మొదలైంది. ఊరు వదిలి పోతున్నాననే ఊరాయో ఏమో, అంత ధారగా ఎప్పుడూ రాలేదు. చీలమండలు మునిగాయి. పొలినారియో మామ డబ్బాతో తోడి పోశాడు. తోడినకొద్దీ నిండుతోంది. పడవ అంచు నదికి నాలుగు వేళ్ళ దాకా దిగింది.

"ఇలా అయితే మొదటి సుడి దాటదు" అన్నాడు మామ, గాలివాన గురించి చెప్పినట్టు. "డాక్టరు బాబూ, మీరేం అనుకోకండి, బరువు తగ్గించాలి."

తనని దిగమంటాడనుకున్నాడు ఔరెలియో. మామ ఆయన వైపు చూడనేలేదు. తన ఉప్పు మూటలు రెండు తీసి గట్టు మీదికి విసిరాడు. వెనక కూచున్న ముసలమ్మ లేచి, "నా కోళ్ళు వచ్చే వారం అమ్ముకుంటాలే, ఇవేం మురిగిపోవు" అంటూ బుట్ట దించింది. ఒక కుర్రది తన పెట్టె దించింది. అరటి గెలలు దిగాయి. తలుపు చెక్కలు దిగాయి. ఎవరి మొహంలోనూ విసుగు లేదు. పడవ అంగుళం లేచి, మళ్ళీ రెండంగుళాలు దిగింది.

అప్పుడు ఎవారిస్తో చంక కర్ర అందుకున్నాడు.

"నేను దిగిపోతాను మామా. డాక్టరు బాబుకి అక్కడ చదువుకి ఆలస్యమైపోతుంది. నా కాలికేం, వచ్చే ఏడాదైనా పెట్టించుకోవచ్చు. అది పరిగెత్తి ఎక్కడికీ పోదు కదా!"

అందరూ నవ్వారు. ఎవారిస్తో ఒక చేత్తో పడవ అంచు, ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఒంటికాలి మీద లేవడానికి తంటాలు పడుతున్నాడు. గట్టు మీద నుంచి ఒతీలియా మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, అతన్ని పట్టుకోవడానికి చేతులు చాపింది.

ఆ చాపిన చేతులు చూశాడు ఔరెలియో. లేచాడు.

"కూచో ఎవారిస్తో."

"అబ్బే, ఫర్వాలేదు బాబూ..."

"కూచో! నీ కాలు తీసింది పాము కాదు. నేను." గొంతు పిల్లాడిలా పగిలిపోయింది. అయినా ఆపలేదు. "మీ ఆవిడ సంచీ తెచ్చింది. నేను విప్పి చూడలేదు. అది కదిలింది, భయమేసింది. నిల్దా గారు విప్పుతానన్నా విప్పనివ్వలేదు. చూడకుండానే మందు రాశాను. తప్పు మందు. నిన్ను బతికించింది ఆవిడ. ఫ్రిజ్ ఏ రోజూ ఆగలేదు. ఆగిందేమో అన్నాను, ఆవిడ మీదికి పోనిచ్చాను."

గట్టు మీద కోళ్ళు అరుస్తున్నాయి. ఎవారిస్తో నెమ్మదిగా కూచున్నాడు. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. ఒతీలియా నీళ్ళలోనే నిలబడి ఉంది, చాపిన చేతులు దించడం మర్చిపోయి.

"నాలుగు గంటలు" అందావిడ. "దారి పొడుగునా అది నా మోకాళ్ళకి తగులుతూనే ఉంది. మీరు చూస్తారని తెచ్చాను."

ఔరెలియో తల వంచుకున్నాడు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లలేదు.

ఎవారిస్తో ఆయన వంక చూడకుండా నది వైపు చూస్తూ అన్నాడు, "దిగండి డాక్టరు గారూ. పడవకి పొద్దెక్కిపోతోంది."

బాబూ అనలేదు. గారూ అన్నాడు. ఔరెలియోకి ఆ తేడా తెలిసింది.

దిగాడు. ఆ మెత్త బల్ల, పై చదువు సీటు, దక్షిణాన ఎదురుచూస్తున్న తల్లి, అన్నీ ఆ పడవలోనే ఉండిపోయాయి. ఆయన దిగాక పెట్టెలు, గెలలు, కోళ్ళ బుట్ట మళ్ళీ ఎక్కాయి. పడవ సాగిపోయింది. ఊరు రెండుగా చీలి దారిచ్చింది. ఎవరూ భుజం తట్టలేదు, ఎవరూ ఉమ్మెయ్యలేదు. ఆయన గట్టెక్కి, దారిలో కప్పలు చేరిన నీటి గుంట దాటి, ఆస్పత్రి మెట్లెక్కాడు. ఎనిమిది కావస్తోంది. నిల్దా అమ్మ అలమర దగ్గర సీసాలు లెక్కపెడుతోంది. ఆమెని దాటుకుని వెనక గదిలోకి వెళ్ళి రేడియో తీశాడు.

రేవులో చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు, ఒక్క మాట తగ్గించకుండా. సంచీ దగ్గరికి వచ్చినప్పుడు ఆగి, మళ్ళీ చెప్పాడు. "భయపడ్డాను. చూడలేదు."

"డాక్టర్, డాక్టర్!" అంది అవతలి గొంతు. ఈసారి ఏమీ నమలడం లేదు. "ఇది అందరూ వినే లైను. నది మీద ఆస్పత్రులన్నీ వింటున్నాయి. ఇలాంటివి కాగితం మీద రాసి పంపండి."

"ఆవిడ పేరు అందరూ వినేలా చదివారు కదండీ. ఇదీ అందరూ వినాలి" అన్నాడు.

రేడియో కట్టేసి వెనక్కి తిరిగితే గుమ్మంలో నిల్దా అమ్మ. ఎంతసేపటి నుంచి నిలబడిందో. ఆయన ఆమె మొహంలోకి చూడలేక ఆమె చేతుల వంక చూశాడు. ఒక చేతిలో టీకా పెట్టె ఉంది.

"ఎగువ ఊళ్ళకి పోవాలి. రెండు నెలల పిల్లలు ఎంతమంది మిగిలిపోయారో" అంది. "మీకు తెడ్డు వెయ్యడం వచ్చా?"

"రాదండీ."

"నేర్చుకుందురు గాని. పదండి."

క్షమించానని ఆమె అననూలేదు, ఆయన అడగనూలేదు.

ఆ తర్వాత కాగితాలు వచ్చాయి. ఆమె పని ఆమెకే ఉంచుతున్నట్టు ఒక్క వాక్యం. పొరపాటైందన్న మాట అందులో లేదు. ఆయన డాక్టరుగా పని చెయ్యడానికి వీల్లేదని, రెండేళ్ళ పాటు, మూడు పేజీలు. ఆ రెండేళ్ళూ ఆయన నిల్దా అమ్మ వెనకాల మందుల పెట్టె మోశాడు, సూదులు మరిగించాడు. ఎగువ ఊళ్ళ రేవుల్లో ఆమె దిగకముందే తను దిగి, బిడ్డల్నెత్తుకున్న తల్లులతో, "ఈవిడ తప్పేమీ లేదు, తప్పు నాది" అని ప్రతి రేవులోనూ, ప్రతిసారీ చెప్పాడు. తర్వాత డాక్టరయ్యాడు, ఇక్కడే ఉండిపోయాడు. మీలో సగం మందికి బొడ్డు కోసింది ఆయనే.

పాదాలంటారా, రేవులో నిలబడ్డ పూటే ఆరిపోయాయి. సిగ్గు అలా ఆరేది కాదు. కొయ్యకాలితో ఎవారిస్తో దారిలో ఎదురైతే ఈనాటికీ ఆయన టోపీ తీసి పక్కకి తప్పుకుని నిలబడతాడు. ఎవారిస్తో తల ఊపి వెళ్ళిపోతాడు. ఒక్కోసారి ఊపడు. అది అతనిష్టం.

వాన సన్నగిల్లింది, లేస్తున్నారు, ఉండండి, ఒక్క మాట. ఆయన ఏం చదివాడో, ఎన్ని పురుళ్ళు పోశాడో మర్చిపోయినా ఫర్వాలేదు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి. ఊరంతా కూచో అంటుండగా, ఎవరూ పొమ్మనకుండా, తన కోసం కుంటివాడు లేస్తుంటే చూసి, మనిషి పడవ దిగాడు. పాపం అందరం చేస్తాం. దిగడం కొందరికే చాతవుతుంది. ఇంటికెళ్ళి మీ వాళ్ళకి ఇదొక్కటి చెప్పండి. చెప్పడంతో సరిపెట్టకండి. మీ చోట్లో మీ బదులు ఇంకొకరు లేచి నిలబడటం కనబడితే, ప్రభువు సాక్షిగా, ఆ పూటే మీరూ దిగండి.